బ్రాకెట్ల లోపల

ఎల్గోయ్‌బార్‌లో వాన పడుతోందని ఎవరూ చెప్పుకోరు.
ఆగిందా అని మాత్రం అడుగుతారు.
దేబా నది పక్కన మూడో షెడ్డు,
దాని నెత్తిన ఒక అద్దాల గది, అందులో నేను.
రెండు తెరలు, నిన్నటి కాఫీ మరక,
ఇంకా కోతపడని ఒక అల్యూమినియం దిమ్మ బొమ్మ.

బొమ్మని వెల్లకిలా తిప్పుతాను. పొట్ట కింద చూస్తాను.
ఏ కట్టర్ ముందు దిగాలి, ఎంత లోతు తినాలి,
ఎక్కడ తలెత్తి ఊపిరి పీల్చాలి
అన్నీ మౌస్‌తోనే చెబుతాను.
చెప్పిన మాట వినే పట్టుపురుగులా
పచ్చగీత దిమ్మ చుట్టూ అల్లుకుంటూ పోతుంది.
తెర మీద లోహానికి కోపం రాదు.
వేడెక్కదు, మోగదు, ఎవరి మణికట్టు మీదా చిట్లదు.
సిమ్యులేషన్ ఎప్పుడూ నవ్వుతూనే ముగుస్తుంది.

కింద బలెందిన్.
ఆయన మిల్లింగ్ మెషిన్ నాకంటే రెండేళ్లు పెద్దది.
దానికొక మొండితనం:
ఐదు పక్కన చుక్క పెడితే ఐదు మిల్లీమీటర్లు,
చుక్క మరిస్తే ఐదు మైక్రాన్లు.
వెయ్యో వంతు.
అదేమిటమ్మా అని అడగదు. రాసింది చేస్తుంది.

నా గీతల్ని మెషిన్ భాషలోకి మార్చే దుబాసీ ఒకడున్నాడు,
పోస్ట్ ప్రాసెసర్.
ఫిబ్రవరిలో, కొత్త మెషిన్ కోసం వాణ్ణి సరిదిద్దుతూ
ఆ చుక్కని నేనే తుడిచేశాను.
అప్పుడు అది దుమ్ములా కనబడింది.

పంపు మూతలు, అరవై ముక్కల ఆర్డర్. మొదటి ముక్క.
ఐదు మిల్లీమీటర్లు లేవాల్సిన కట్టర్
లేచినట్టే లేచి, లేవకుండా
బిగింపు బోల్టు మీదికి ఉరికింది.
బలెందిన్ వేళ్లు అప్పటికే వేగం మీట మీద ఉన్నాయి.
మొదటి ముక్కప్పుడు ఆయన చెయ్యి అక్కణ్ణించి కదలదు,
ముప్ఫై ఏళ్లుగా.

షెడ్డంతా ఒక్కసారి నిశ్శబ్దమైతే
పైన అద్దాలకు కూడా తెలుస్తుంది.

ఆయన మెట్లెక్కి రావడం అదే మొదటిసారి.
సిగరెట్ మానేసి పదకొండేళ్లు,
చుట్టుకునే కాగితాలు మాత్రం ఇంకా జేబులోనే:
కట్టర్ లోహాన్ని తాకే చోటు వాటితోనే పట్టుకుంటాడు.
ఒక కాగితం తీసి నా కీబోర్డు మీద పెట్టాడు.
"బోల్టుకీ కట్టర్‌కీ మధ్య ఇది దూరింది.
మడత పెడితే దూరలేదు."
అంతే. దిగి వెళ్లిపోయాడు.
వెంట్రుకవాసి అంటే ఎంతో
ఆ రోజు వేళ్లతో తడిమి చూశాను.

చుక్క పెట్టాను. అన్ని చోట్లా పెట్టాను.

మెషిన్‌కి ఇంకో గుణం కూడా ఉంది.
బ్రాకెట్ల లోపల ఏం రాసినా చదవదు.
చెవిటివాడి ముందు గుసగుసలాడినట్టే, దాటిపోతుంది.
అంతకుముందు అక్కడ కట్టర్ నంబరు, తేదీ రాసేదాన్ని.
తర్వాత ఇలా మొదలైంది:
ఇక్కడ గోడ పలచన, మోగితే చెప్పండి.
ఈ రంధ్రం లోతు మీద నాకే నమ్మకం లేదు.
చుక్కలు రెండుసార్లు లెక్కపెట్టాను.
నమస్కారం, ఇది ఆఖరి కోత.

జవాబు రాలేదు. మెట్ల మీద ఎదురైనా
ఆయన గడ్డం ఒక అంగుళం దించేవాడు, అంతే.
ముక్కలు మాత్రం శుభ్రంగా దిగుతూనే ఉన్నాయి.

మే నెలలో ఆ మెషిన్ జ్ఞాపకం నిండిపోయింది.
పాత ప్రోగ్రాములన్నీ పైకి దించుకుని
నా రాతని నేనే చదువుకుంటున్నాను.
నాలుగు వందల పన్నెండో వరుసలో నాది కాని మాట:
గోడ మోగింది. వేగం నాలుగు వందలు చాలు.
ఇంకాస్త కింద:
రంధ్రం సరిగ్గానే ఉంది. ఊరికే భయపడకు.
ఇంకా కింద:
చుక్కలు నేనూ లెక్కపెట్టాను.

అరిగిపోయిన ఆ మీటల మీద
నూనె బొటనవేలితో ఒక్కో అక్షరం వెతికి
ఎంతసేపు నొక్కాడో.
మెషిన్ వాటన్నిటినీ దాటుకుంటూ
అరవై సార్లు పరుగెత్తింది, ఒక్కసారీ తెలియకుండా.

ఆఖరి వరుస, ప్రోగ్రాము ముగిశాక,
ఇక కొయ్యడానికేమీ లేని చోట:
వాన ఆగింది, చూడు.

రాసి ఎన్ని వారాలైందో.
అయినా కుర్చీ వెనక్కి జరిపి
కిటికీ దగ్గరికి వెళ్లాను.
పడుతూనే ఉంది.